తల మీద ఈకలు మాత్రం పోలేదు

రెండు నెలలపాటు మా వదినకి నేను పిట్ట మొహం ఒక్కటే చూపించాను.

రోజూ పొద్దున్న టీ వేళకి బరంపురం నుంచి ఆవిడ వీడియో కాల్ చేసేది. నేను ఫోను పంజరానికి బాగా దగ్గరగా పట్టుకునేదాన్ని. పసుపు మొహం, రెండు బుగ్గల మీద కాషాయరంగు చుక్కలు, నెత్తిన లేచి పడుకునే కుచ్చు, అన్నీ ఎక్కడివక్కడ ఉండేవి. "నా బంగారం, తిన్నావేటి?" అని ఆవిడ అక్కడ మురిసిపోయేది. ఫోను నాలుగు వేళ్ళు కిందికి దించితే రొమ్ము మీద ఒక్క ఈక లేదు. ఎర్రటి తోలు, దాని మీద పొక్కుల్లాంటి ఈక గుంటలు. నేను దించలేదు.

పిట్ట వదినది. వదినంటే మా ఆయనకి అక్క. పలాసలో మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. కొన్న దుకాణంలో దాన్ని కాకటీల్ అన్నారట, మా వీధికి మాత్రం అది ఆస్ట్రేలియా చిలక. గోరింకంత ఉంటుంది, ఒళ్ళు బూడిద రంగు. కూతురి పురిటికి బరంపురం వెళ్తూ, ఆరు నెలలు చూడమని వదిన దాన్ని మా ఇంట్లో దింపింది.

ఆవిడ మా ఇంట్లో దింపడం మామూలు సంగతి కాదు. అంతకుముందు మూడేళ్ళు మా గడప తొక్కలేదు. కారణం ఒక చీర. మా చెల్లెలి కొడుకు పెళ్ళికి ఆవిడ నెమలికంఠం పట్టుచీర అడిగి తెచ్చుకుని కట్టుకున్నాను. అప్పట్లో నేను జీడి బట్టీలో పిక్కలు కొట్టేదాన్ని. జీడిపిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. ఒంటి మీద పడితే బొబ్బ, గుడ్డ మీద పడితే మచ్చ. గోళ్ళ సందుల్లో ఎక్కడ మిగిలిందో, చీర కుచ్చిళ్ళకి అంటుకుంది. నేను చూశాను. చూసి, మచ్చ లోపలికి పోయేలా మడతపెట్టి, పైన మల్లెపూలు పెట్టి మరీ తిరిగిచ్చాను. ఏడాది తర్వాత ఆవిడ ఇంకో పెళ్ళిలో, విడిదింట్లో, చుట్టాలందరి మధ్య ఆ మడత విప్పింది.

"మచ్చ పడితే పడింది. మడతెట్టి ఇచ్చినావు సూడు, అది నాను మర్సిపోను" అంది. అక్కడితో మాటలు పోయాయి.

అలాంటి మనిషి పంజరం తెచ్చి మా అరుగు మీద పెట్టి, "మా పక్కింటోలకి పిల్లి ఉన్నాది. నువ్వు ఇంటికాడే ఉంటన్నావు కదా అని తెచ్చినాను. ఒక్క ఈక తగ్గిందంటే నీకూ నాకూ మల్లీ మాటల్లేవు మరదలా" అంది. నవ్వుతూనే అంది. అది నవ్వులాట కాదని నాకు తెలుసు. ఈసారి మాటలు పోతే ఇక ఈ జన్మకి రావు. మా ఆయనకి ఉన్నది ఒక్క అక్క. ఆ మూడేళ్ళూ ఆయన వాళ్ళింటికి దొంగలా వెళ్ళి వచ్చేవాడు.

నేను ఇంటి దగ్గర ఉంటున్న మాట నిజమే. నడుం నొప్పితో బట్టీ మానేసి, పొట్టు తీసే పని ఇంటికి తెచ్చుకునేదాన్ని. పిక్క కొట్టి తీసిన పప్పుని బట్టీలో వేడికి ఎండబెడతారు. అప్పుడు దాని మీద ఉల్లిపొరలాంటి ఎర్ర పొట్టు వదులవుతుంది. దాన్ని చిన్న కత్తితో, గోటితో, పప్పు విరగకుండా తీయాలి. ఆ పప్పుకి నూనె ఉండదు, శుభ్రంగా ఉంటుంది. పిట్ట నా చేట అంచు మీద కూర్చుని చూసేది. నాలుగో రోజుకి అదీ పని మొదలుపెట్టింది. విరిగిన ముక్క ఒకటి ముందు పడేస్తే కాలితో నొక్కిపట్టి, ముక్కుతో పొర అంచు వెతికి, ఎత్తి, లాగి, పక్కన పడేసేది. తినడానికి కాదు. పప్పు అక్కడే వదిలేసి ఇంకో ముక్క కోసం నా మొహం చూసేది. పొద్దున్నించి సాయంత్రం దాకా మేమిద్దరం అదే పని. వదిన ఫోను చేస్తే నేను పిట్టనంతా చూపించేదాన్ని. "కూలి ఇస్తన్నావా నా పిట్టకి?" అని ఎగతాళి చేసేది. చాలా రోజుల తర్వాత ఆవిడ నాతో ఆడిన ఎగతాళి.

వానలు మొదలవగానే రెండు పనులు ఒకే వారంలో జరిగాయి. బట్టీలోకి పొట్టు తీసే మిషను వచ్చింది, ఇంటికి పప్పు ఇవ్వడం ఆపేశారు. నడుం కాస్త నెమ్మదించింది కదా అని నేను మళ్ళీ పిక్కలు కొట్టడానికి వెళ్ళాను. పొద్దున్న పోయి సాయంత్రం వచ్చేసరికి పిట్ట కేకలు పెట్టేది. కాళ్ళు కడుక్కోకుండానే దాన్ని బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని, రొమ్ము మీద, రెక్కల కింద బొటనవేలితో రాసేదాన్ని. అది కళ్ళు మూసుకునేది. పగలంతా వదిలేసి వెళ్ళానన్న బాధ నాకు అలా తీరేది.

పది రోజులకి పంజరం అడుగున నూగు కనిపించింది. కోళ్ళు రాల్చుకున్నట్టు రాల్చుకుంటోందిలే అనుకున్నాను. ఒక ఆదివారం కూరలు తరుగుతూ చూశాను. అది మెడ వంచి, రొమ్ము మీద ఒక ఈక మొదలు పట్టుకుని, కొంచెం ఎత్తి, లాగింది. ఈకని కాలితో పట్టుకుని కాసేపు నమిలి పడేసింది. మళ్ళీ వంగింది. కూరగాయల కత్తి అలాగే పట్టుకుని నేను "ఏయ్" అని అరిచాను. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. పిట్ట ఆగి మా ఇద్దరినీ చూసి కుచ్చు లేపింది. ఆ రోజు నుంచి అది ఈక లాగడం, మేము అరుస్తూ పరుగెత్తడం. రానురాను అది ముందు మమ్మల్ని చూసి, తర్వాత లాగేది.

రెక్క ఎత్తి చూస్తే తోలు ఎర్రగా కందిపోయి ఉంది. ఆ ఎరుపు నాకు తెలుసు. నా చేతులు ఇరవై ఏళ్ళుగా అలాగే ఉన్నాయి. బట్టీలో ఆడవాళ్ళందరం చేసేది ఒకటే, ఆముదం రాసుకోవడం. మంట తగ్గుతుంది. అందుకని పిట్టకీ రాశాను. గిన్నెలో వేసి వేడిచేసి, చల్లారాక, రెండు పూటలా, ధారాళంగా.

నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో దాన్ని ముందు చెబుతాను. ఉన్న ఈకలన్నీ జడలు కట్టి ఒంటికి అంటుకుపోయాయి. నూనె వదిలించుకోడానికి అది ఇంకా పీక్కుంది. పైన వాన, గాలి. ఈకలు పొంగిస్తేనే పిట్టకి వెచ్చదనం. తడిసిన ఈక పొంగదు. మూల కూర్చుని వణికింది.

"పిట్టకి ఏటి సేసినావే, తిరగమాత ఏసినట్టున్నాది" అన్నాడు మా ఆయన.

"మంట తగ్గుతాదని రాసినాను."

"అప్పకి ఏటి సెప్తావు?"

అప్పంటే వాళ్ళక్క, మా వదిన. మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. అప్పుడే మొదటిసారి ఫోను మొహానికి దగ్గరగా పట్టాను.

తర్వాత వీధిలో తలో మాట. దిష్టి తీయమన్నారు, తీశాను. జోడీ లేక అన్నారు. వేపాకు పొగ వేయమన్నారు. పిట్టకి పొగ పడదని నాకే తోచి అది మాత్రం మానేశాను. ఆముదం ఆపేశాక వణుకు తగ్గింది గానీ పీకడం ఆగలేదు. రెండు నెలలకి పొట్ట దాకా బోడి అయింది. వదిన రావడానికి ఇంకో మూడు వారాలు ఉన్నాయనగా, పంజరానికి దుప్పటి చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా ముందు రెండు గేదెలు, ఒక మేక. నా పంజరం చూసి మేకతో వచ్చినాయన పక్కకి జరిగి చోటిచ్చాడు.

డాక్టరు చిన్నమ్మాయి. విజయనగరం వైపు పిల్ల. దుప్పటి తీసి, ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

"తల బాగున్నాది కదమ్మా" అంది.

"తలొక్కటే బాగున్నాది" అన్నాను.

"అదే సెప్తన్నాను. దాని ముక్కు దాని తలకి అందదు. అందినచోటల్లా లేవు, అందనిచోట ఉన్నాయి. ఇది తనే పీక్కుంటన్నాది."

రెండు నెలలు వదినకి నేను దేన్ని చూపించి తప్పించుకున్నానో, ఆ పిల్ల దాన్ని చూసే సంగతి పట్టేసింది.

అయినా అంతటితో వదల్లేదు. భూతద్దం పెట్టి ఈక మొదళ్ళలో పేలు, పురుగులు వెతికింది, లేవు. రెట్ట పరీక్ష చేయించింది, బాగుంది. లోపల జబ్బేదైనా ఉంటే ఏ ఉపాయమూ పనిచెయ్యదని, అది ముందు తేల్చుకోవాలని చెప్పింది. తనకి గేదెలు తెలిసినంత పిట్టలు తెలియవని ఒప్పుకుని, చదువు చెప్పిన గురువుగారికి నా ఎదురుగానే ఫోను చేసి మాట్లాడింది. అప్పుడే ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఎవరు ముట్టుకుంటారు, మీరేం పని చేస్తారు.

"జీడి బట్టీలో పిక్కలు కొడతానమ్మా."

నా చెయ్యి అందుకుని తిరగేసి చూసింది. గోళ్ళ సందుల్లో నలుపు.

"ఈ సేత్తోనే పట్టుకుంటారా దాన్ని?"

నాకు చీర గుర్తొచ్చింది. అదే నూనె, అదే వేళ్ళు.

"ఇది అంటి దురద మొదలైనట్టుంది. అది ఎప్పుడో తగ్గిపోవాల. మరి పీకడం ఎందుకు ఆగలేదు? ఇంతకుముందు పగలు ఏటి సేసేదిది?"

"నాతోపాటు జీడిపప్పుకి పొట్టు తీసేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడేటి, ఊరికే ఉంటాది."

"ఊరికే ఉండడం దానికి రాదమ్మా. వచ్చిన పని సేస్తన్నాది. తీయడానికి పొట్టు లేదు, ఒంటి మీదున్నవి తీస్తన్నాది."

డాక్టరు చెప్పినవి రాసుకోమని మా ఆయన ముందే చెప్పి పంపాడు. నేను రాసుకోలేదు, ఇప్పుడడిగినా వరసగా చెబుతాను. చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడిగి, చీర మార్చుకుని గానీ దగ్గరికి పోకూడదు. తల మీద తప్ప ఇంకెక్కడా రాయకూడదు. రొమ్మూ వీపూ రాస్తే దానికి జతకూడే ఊహ పుట్టి, గూటి ధ్యాసలో పడి ఇంకా పీక్కుంటుంది. ఆముదం, కొబ్బరినూనె, పసుపు, ఏదీ పూయకూడదు. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు గోరువెచ్చని నీళ్ళు సన్నటి తుంపరగా కొట్టాలి. పొద్దుటి ఎండ తగలాలి. పొద్దు వాలాక చీకటి ఉండాలి, టీవీ పక్కన పంజరం ఉండకూడదు. జీడిపప్పు దానికి కొవ్వు, మానిపించి ఆకుకూరలూ గింజలూ అలవాటు చెయ్యాలి. పీకుతుంటే అరవకూడదు, చూడనట్టు ఉండాలి. పీకనప్పుడు పలకరించాలి. అన్నిటికన్నా ముందు దానికి పని ఇవ్వాలి.

ఈకలకి ఇంకా పట్టి ఉన్న ఆముదాన్ని డాక్టరమ్మే బేసిన్‌లో వెచ్చటి నీళ్ళు పోసి, చుక్క సబ్బు వేసి వదిలించింది. పంజరం మూసి ఇస్తూ, "పిట్ట మీదేనా?" అంది. మా వదినదని చెప్పాను. "ఆవిడకి తెలుసా?" అంది. తలొంచుకుని బయటికొచ్చాను.

పని ఇవ్వమంటే నాకు కష్టం కాదు. మందస సంతలో మేము గంటి అనే సజ్జ కంకులు, చోడి అనే రాగి వెన్నులు గింజ రాల్చకుండా కొన్నాను. గంటి కంకిని తాడు కట్టి వేలాడదీస్తే ఒక్కొక్క గింజే పొట్టు ఒలుచుకుని తినేది. అయితే అది గంట పనే. దానికి కావలసింది లాగి పడేసే పని. ఇంట్లో అడ్డాకు విస్తళ్ళు ఉన్నాయి, ఆకుల్ని ఈనుపుల్లలతో గుచ్చి కుట్టినవి. ఒక విస్తరి నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్కలో నాలుగు చోడి గింజలు పెట్టి మడిచి, పుల్లలతో కుట్టి పంజరానికి గుచ్చాను. పిట్ట తల వంకరగా పెట్టి చూసింది. పుల్ల చివర వెతికింది. పట్టుకుంది. లాగి కింద పడేసింది. ఇంకో పుల్ల. ఆ సాయంత్రం పంజరం అడుగున పుల్లలు, ఆకు పేలికలు. ఈకలు మూడు.

ఒక్కరోజులో మానేసిందని చెప్పను. మూడు ఈకలు ఒకరోజు పది అయ్యేవి, ఇంకోరోజు ఒకటి. మా ఆయనే ఆగలేక "ఏయ్" అనేవాడు, నేను గిల్లేదాన్ని. పొద్దున్న బట్టీకి వెళ్ళేముందు పన్నెండు పొట్లాలు కుట్టి పెట్టేదాన్ని. పన్నెండు రోజులకి రొమ్ము మీద తెల్లటి ముళ్ళు లేచాయి. కొత్త ఈక ముందు ముల్లులా వస్తుంది, లోపల నెత్తురుంటుంది, దాన్ని తాకకూడదు.

అప్పుడు వదిన ఫోను. వచ్చేవారం వస్తున్నానంది. ఫోను మళ్ళీ మొహానికి దగ్గరగా పట్టాను. కాల్ అయిపోయాక మా ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "పిట్టని కూడా మడతెట్టి ఇస్తావేటి?" అన్నాడు.

ఆయన నన్ను తిట్టే మనిషి కాదు. తిట్టి ఉంటే బాగుండేది. వారంలో ముళ్ళు విచ్చుకుంటాయని, సగమైనా కప్పుకుంటుందని, చూసీచూడనట్టు అప్పగించేద్దామని నా మనసులో ఉన్నమాట నిజం. అప్పటికప్పుడే ఫోను తీసి నేనే చేశాను.

"ఇప్పుడే కదే మాటాడినాను" అంది వదిన.

"ఒదినా, సూడండి" అని ఫోను కిందికి దించాను. రొమ్ము, పొట్ట, రెక్కల కింద, అన్నీ నిదానంగా చూపించాను. "నా సేతుల్నించే మొదలైనాది. ఆముదం రాసి ఇంకా పాడుసేసినాను. రెండు నెలల్నించి మీకు మొహమే సూపిస్తన్నాను."

అటునుంచి కాల్ కట్టయింది. మళ్ళీ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ రెండురోజులూ నేను బట్టీకి వెళ్ళలేదు.

మూడోరోజు పొద్దున్న రైలు దిగి, సొంతింటికి వెళ్ళకుండా సంచితో సహా మా ఇంటికొచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి పంజరం ముందు చతికిలబడింది. పిట్ట ఆవిడని గుర్తుపట్టి కుచ్చు లేపి ఈల వేసింది. వేసి, మళ్ళీ తన పనిలో పడింది. పుల్ల లాగింది, పడేసింది, ఆకు విప్పింది.

"ఇదేటి సేస్తన్నాది?"

"డ్యూటీ" అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి.

వదిన నవ్వలేదు. "పిట్టని నాను పట్టుకెల్లిపోతాను" అంది.

చీర రోజుల్లో అయితే నేను తల దించుకుని పంజరం ఎత్తి ఇచ్చేసేదాన్ని. ఈసారి అలా చెయ్యలేదు. తప్పు ఎంత నాదో, దాన్ని ఎలా దిద్దాలో కూడా అంతే నాకు తెలుసు.

"ఇప్పుడు ఇవ్వనొదినా" అన్నాను. "మీరు కోపం సేసుకున్నా ఇవ్వను. ముల్లు ఈకలొస్తన్నాయి. ఇప్పుడు సోటు మారిస్తే బెదిరి అవి కూడా లాగేస్తాది. ఇంకో నెల పోనివ్వండి. ఆ తరవాత పొట్లం కుట్టడం మీరు నేర్సుకోండి, అప్పుడు ఇస్తాను."

"నా పిట్టని నాకివ్వడానికి నువ్వు నాకు పరీచ్చ పెడతావేటే?"

"పెడతాను."

మా ఆయన గుమ్మంలోంచి మెల్లగా తప్పుకున్నాడు. వదిన పంజరం అడుగున ఉన్న ఈకల వంక చూసింది. చెయ్యి పెట్టి ఏరింది. రెండు ఉన్నాయి.

"రోజుకి ఎన్ని పీకేది?"

"లెక్క లేదు. ఇప్పుడు రెండు, మూడు."

"మచ్చ పడ్డాది, సరే" అంది. "ఈపాలి మడతిప్పి సూపించినావు."

అంతకుమించి చీర మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ పూట మా ఇంట్లోనే భోంచేసింది. నెలరోజులూ పొద్దున్నే వచ్చి పొట్లాలు కుట్టింది. ఆవిడ కుట్టే పొట్లం మరీ గట్టి, పిట్ట విసుక్కునేది. "ఒదులుగా కుట్టండి ఒదినా, విస్తట్లో బోజనం కాదిది" అని నేను వేళాకోళం చేసేదాన్ని. పిట్ట ఇప్పుడు ఆవిడ ఇంట్లోనే ఉంది. రొమ్ము నడిమిన రూపాయి బిళ్ళంత చోట ఈక ఇక రాలేదు. మొదలు చచ్చిపోయి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. మిగతా ఒళ్ళంతా నిండుగా ఉంది. ఇప్పుడు మా వీధుల్లో ఎవరి చిలక ఈకలు పీక్కున్నా పంజరం పట్టుకుని నా దగ్గరికే వస్తారు. నేను ముందు వాళ్ళ చేతులు చూస్తాను, తర్వాత రోజంతా దానికేం పనుందో అడుగుతాను, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పంపిస్తాను.

ఆ మొదటి రోజు సంగతి ఒకటి మిగిలింది. భోజనమయ్యాక వదిన మూతి తుడుచుకుని, పిట్టని తీద్దామని పంజరం తలుపు మీద చెయ్యి వేసింది.

"సేతులు కడుక్కున్నారా ఒదినా?" అన్నాను.

ఆగింది. నా వంక చూసింది. లేచి పెరట్లోకి వెళ్ళింది. సబ్బు పెట్టి కడిగిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. తిరిగొచ్చి నా ముందు కూర్చుని రెండు చేతులూ చాపింది. ముందు అరచేతులు, తర్వాత తిరగేసి గోళ్ళు. నేను ఒక్కొక్క వేలే పట్టుకుని చూసి, పంజరం తలుపు తీశాను.